కేళీ లేని మడి

ఆదిలాబాద్,
12 జూన్ 2024

మామయ్యకు నమస్కారాలు. అత్తమ్మకు వేరేగా నమస్కారాలు, ఎందుకంటే మీ నమస్కారంలో వాటా ఇస్తే ఆమె ఒప్పుకోదు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో మీకు తెలుసు. మీ చెవి మిషన్ ఫోన్ దగ్గర పెడితే కుయ్యిమంటుంది. అత్తమ్మకు చేస్తే నేను వరి గురించి అడుగుతాను, ఆమె వరుడి గురించి చెబుతుంది. కాబట్టి కాగితమే దిక్కు.

ఈ వానకాలం ఒక్క పంటకు నాకు పది గుంటల మడి కావాలి. ఇక్కడ డిగ్రీ కాలేజీలో బాటనీ పాఠాలు చెప్పుకుంటూ నేను చేస్తున్న పీహెచ్‌డీ సంగతి మీకు తెలిసిందే. పోయినేడు కాలేజీ వెనక వేసిన వరిని అడవిపందులు నాకంటే ముందే కోసుకున్నాయి. యూనివర్సిటీ వాళ్లు వచ్చే మే నెల దాకా గడువు పెంచి, ఇదే ఆఖరుసారి అన్నారు. ఈసారి కూడా చూపించడానికి ఏమీ లేకపోతే నా పేరు ముందు డాక్టర్ అనే మాట ఇక రాదు.

పని ఇది. మంచి సన్నవడ్ల విత్తనానికి గామా కిరణాలు పట్టించాం. ఆ కిరణాలు విత్తనం లోపల ఎక్కడో ఒక జన్యువును పాడుచేస్తాయి. ఏ జన్యువు పాడైతే మొక్కలో ఏ పని ఆగిపోతుందో చూస్తే, ఆ జన్యువు చేసే పనేమిటో తెలుస్తుంది. మీకు తేలిగ్గా చెప్పాలంటే, అత్తమ్మ పుట్టింటికి పోయినప్పుడే కదా ఆమె ఇంట్లో ఏమేం పనులు చేస్తుందో మీకు తెలిసేది! కిరణాలు తగిలిన విత్తనాలను కాలేజీ డాబా మీద తొట్లలో పెంచి గింజ తీశాను. ఈ గింజలు రెండో తరం. అసలు సంగతి ఈ తరంలోనే బయటపడుతుంది.

పొట్లాలు పార్సిల్లో పంపుతున్నాను. ఒక్కో పొట్లంలో ఒక్క కంకి గింజలు. ఒక్కో పొట్లం ఒక్కో సాలు, ప్రతి సాలుకు దాని చీటీ. వేరే విత్తనం ఒక్కటి కూడా కలవకూడదు. ముప్పై ఏండ్లుగా కంపెనీకి విత్తనం పండిస్తున్న మీకు ఇంతకంటే చెప్పేదేముంది! మీ సీడు మడిని చూసుకున్నట్టే చూసుకోండి, చాలు.

మీ మేనకోడలు,
ప్రణతి

హుస్నాబాద్,
26 జూన్ 2024

డాక్టరమ్మ కావలసిన మా కోడలు ప్రణతికి దయాకర్‌రావు మామ ఆశీస్సులు.

పది గుంటలేం ఖర్మ, మోటారు బావి దగ్గరి పన్నెండు గుంటల మడి ఇస్తున్నాను. రోడ్డుకు అవతల ఉంటుంది. నీ వడ్లు నా సీడులో కలవవు, నా సీడు నీ వడ్లలో కలవదు.

పొట్లాలు భూమవ్వ చేతికియ్యబోయాను. భూమవ్వ అంటే మన దగ్గర నాట్లు వేసే ముఠాకు పెద్ద. ఆమె రెండడుగులు వెనక్కి జరిగి, "కరెంటు వట్టిచ్చిన వడ్లట గదా సారూ, షాకు కొడ్తదా?" అంది. అదేం లేదని చెబితే, "మరి వండుకుంటె గ్యాసు అక్కెర్లేకుంట ఉడుకుతయా?" అని అడిగింది. ఉడకవంటే ముఖం చిన్నబుచ్చుకుంది. అయినా నారు పోసింది. ప్రతి పొట్లానికి వేరే గడి, ప్రతి గడికి నీ చీటీ.

ఇక ఇంట్లో సంగతి. నీ ఉత్తరం నేను గట్టిగా చదివాను. నాకు వినబడాలంటే గట్టిగానే చదువుకోవాలి కదా. పుట్టింటి మాట దగ్గరికి వచ్చేసరికి మీ అత్తమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. "నేను పోతెగాని నా పనేందో తెల్వదా గీ మనిషికి? అయితే పోత. నేను లేకుంట చేసుకోండ్రి మీ పరీక్ష," అంది. నిర్మల్‌లో వాళ్ల తమ్ముడు ఇల్లు కట్టిస్తున్నాడు, చూసుకునే మనిషి కావాలట. నాట్లు కాగానే పోతుందట, బతుకమ్మకు గాని రాదట.

నీ చదువు మొదటి ఫలితం ఇది. వడ్లు ఇంకా మొలవనే లేదు.

నీ మామ,
దయాకర్‌రావు

ఆదిలాబాద్,
8 జూలై 2024

మామయ్యా, ఈ ముక్క ముందు అత్తమ్మకు వినిపించండి, మీకు అలవాటైన గొంతుతోనే. అత్తమ్మా, అది ఉదాహరణ మాత్రమే. క్లాసులో పిల్లలకు చెప్పీ చెప్పీ నోటికి వచ్చేసింది. దయచేసి బస్సు ఎక్కకండి.

ఇప్పుడు మీకు. నారు మొలిచిందా? అందులో తెల్ల మొలకలు ఏమైనా వచ్చాయా? ఆకులో పచ్చదనం అన్నదే లేకుండా పాలలా ఉంటాయి. వాటి గురించి ఆలోచిస్తుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నాటు వేశాక కూడా పొట్టివి, వంకరవి, రంగు తేడా ఉన్నవి ఎన్ని వస్తాయోనని గుండె దడదడలాడుతోంది. ఏవి వచ్చినా వెంటనే రాయండి. అక్టోబరులో గైడ్ సార్ స్వయంగా మడి చూడటానికి వస్తానన్నారు. నా బతుకంతా ఇప్పుడు ఆ పన్నెండు గుంటల్లో ఉంది మామయ్యా.

ప్రణతి

హుస్నాబాద్,
10 ఆగస్టు 2024

చిరంజీవి ప్రణతికి,

పిచ్చిపిల్లా, వడ్ల కోసం నిద్ర మానుకుంటారా? తెల్లవి వచ్చిన మాట నిజమే. నీకు చెబితే పరేషాన్ అవుతావని అప్పుడు రాయలేదు. పదిరోజులు కూడా బతకలేదు, వాటంతట అవే పోయాయి. కాబట్టి ఫికర్ పెట్టుకోకు. మిగిలింది సాలు ప్రకారం నాటాం.

మీ అత్తమ్మ నిర్మల్ పోయింది. నీ ఉదాహరణ ఇప్పుడు నాకు పూర్తిగా అర్థమవుతోంది. పప్పు ఉడకడానికీ మాడడానికీ మధ్య ఒక మనిషి నిలబడి ఉండాలని నాకు ఇన్నేండ్లూ తెలియదు. బర్రె నన్ను దగ్గరికి రానివ్వలేదు. రెండు రోజులు చూసి, మీ అత్తమ్మ పాత చీర పైన కప్పుకొని కూచుంటే అప్పుడు పాలిచ్చింది. ఈ సంగతి మీ అమ్మకు చెప్పకు. అది నా చెల్లెలే అయినా ఊరంతా చాటుతుంది.

పక్క మడి లక్ష్మీరాజం నీకు తెలుసు. వాడిదీ సీడు వ్యవసాయమే. నా మడిలో ఒక్క తప్పు పట్టాలని ముప్పై ఏండ్లుగా ఎదురుచూస్తున్నాడు. మొన్న నీ మడి ఒడ్డు మీద నిలబడి, "ఏంది దయన్నా, మడిల సర్కస్ వెట్టినవా?" అన్నాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా నువ్వు దిగులు పడకు. మీ గైడ్ సార్ వచ్చేనాటికి ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండే పూచీ నాది.

నీ మామ

ఆదిలాబాద్,
2 సెప్టెంబరు 2024

మామయ్యా,

సర్కస్ అన్నాడా! ఆ మాట చదివి స్టాఫ్ రూములో గంతు వేసినంత పని చేశాను. లక్ష్మీరాజం బాబాయి నోట్లో చక్కెర పోయండి. చీర సంగతి అమ్మకు చెప్పలేదు, ఒట్టు. అమ్మే ఫోన్ చేసి నాకు చెప్పింది. ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు.

ముందుగా ఒకసారి వచ్చి చూద్దామంటే పరీక్షల డ్యూటీలు వదలడం లేదు. ఇక గైడ్ సార్‌తో కలిసే వస్తాను. అయినా మీరుండగా నాకేం భయం? మడి విషయంలో మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండి, నన్ను అడగనక్కరలేదు. వరి గురించి మీకు తెలిసినంత నాకూ తెలియదు, మా సార్‌కూ తెలియదు.

మీ మీద కొండంత ధైర్యంతో,
ప్రణతి

హుస్నాబాద్,
24 సెప్టెంబరు 2024

బంగారు కోడలా,

ఇక గుండె మీద చెయ్యి వేసుకొని పడుకో. పని అయిపోయింది.

వాడు సర్కస్ అన్నందుకు నువ్వు నోట్లో చక్కెర పోయమన్నావు చూడు, అందులోని మంట నాకు అందింది. అడగనక్కరలేదని నువ్వే రాశాక ఇంక ఆగలేదు. మడి ఈనుతుండగా భూమవ్వ ముఠాను దింపాను. ముందు నేను, వెనక వాళ్లు. సాళ్లలో కలవని మొక్కను మేం కేళీ అంటాం. పొడుగైనా కేళీయే, పొట్టిదైనా కేళీయే. సీడు మడిలో నాలుగు కేళీలు కనబడ్డా కంపెనీ ఇన్‌స్పెక్టర్ మడి మొత్తం పనికిరాదని కొట్టేస్తాడు. అయితే నీ మడిలో ఉన్నన్ని కేళీలు నా జన్మలో చూడలేదు కోడలా! మోకాలి ఎత్తు కూడా లేని పొట్టివి. ఆకు చుట్టలా చుట్టుకుపోయినవి. ఒక్క పిలక కూడా వేయకుండా ఒంటికాలి మీద నిలబడ్డవి. అందరూ ఈనుతుంటే ఇంకా నిద్రపోతున్నవి. ఒకటైతే కాండం నుంచి కంకి దాకా వంకాయ రంగు. "గిదేంది సారూ, రంగుల పండుగకు వచ్చినట్టున్నది," అని భూమవ్వ నవ్వుతూనే పీకింది.

అన్నిటినీ వేర్లతో సహా తీయించాను. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. తెచ్చి బర్రెకు వేస్తే ఇష్టంగా తిన్నది. ఆ పూట చీర కప్పుకోకపోయినా పాలిచ్చింది.

ఇప్పుడు మడి చాప పరిచినట్టుంది. లక్ష్మీరాజం వచ్చి ఒడ్డు మీద చాలాసేపు నిలబడి, "అన్నా, పనంటె నీదే," అని పోయాడు. వాడి నోట ఆ మాట రావడానికి ముప్పై ఏండ్లు పట్టింది. మీ గైడ్ సార్‌ను ధైర్యంగా తీసుకురా.

నీ పరువు నిలబెట్టిన
మామ

ఆదిలాబాద్,
28 సెప్టెంబరు 2024

మామయ్యా,

మీరు పీకింది నా పీహెచ్‌డీ.

ఆ కేళీల కోసమే ఇదంతా. పొట్టి మొక్క అంటే పొడుగు పెంచే జన్యువు పాడైందని. పిలక వేయలేదంటే పిలకల జన్యువు పాడైందని. వాటిని చూసే కదా ఏ జన్యువు ఏ పని చేస్తుందో పట్టుకునేది. ఆ వంకాయ రంగు మొక్క లాంటిది మా సార్ కూడా ఫొటోల్లోనే చూశారు. మీరు నిలబెట్టిన చాపలాంటి వరి నాకెందుకు? ఆ వడ్లు హుస్నాబాద్ బజారులో సంచి లెక్కన దొరుకుతాయి.

సీడు మడిలా చూసుకోండని రాసింది నేనే. అడగనక్కరలేదని రాసిందీ నేనే. అయినా కోపం ఆగడం లేదు, ఏడుపూ ఆగడం లేదు. పోయినేడు అడవిపందులు తిన్నప్పుడు ఇంత బాధపడలేదు, వాటికి నేను ఉత్తరాలు రాయలేదు కాబట్టి. ఇప్పుడు నా థీసిస్ మీ బర్రె కడుపులో ఉంది.

సార్‌ను తీసుకురావడం లేదు. ఏం చూపించను?

ప్రణతి

హుస్నాబాద్,
4 అక్టోబరు 2024

కోడలా,

నీ ఉత్తరం గట్టిగా చదవలేదు. మనసులోనే చదువుకున్నాను. అయినా మీ అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. బతుకమ్మకని మొన్ననే నిర్మల్ నుంచి దిగింది.

మొత్తం విని ఒకటే అడిగింది. "పీకేముందు పిల్లను ఒక్క మాట అడిగినవా?" లేదన్నాను. "నేనుంటె అడుగుమందు గదా," అంది. నిజమే కోడలా. పప్పూ బర్రే ఆమె పనులనుకున్నాను. ఆమె అసలు పని నన్ను ఆపడం. ఆమె లేనప్పుడు నన్ను ఆపేవాళ్లు లేకపోయారు. నీ ఉదాహరణ ఇంత బాగా రుజువవుతుందని నువ్వూ అనుకొని ఉండవు.

తెల్లారి మడిలో దిగి ఒక్క కేళీ అయినా మిగిలిందేమోనని సాలు సాలూ వెతికాను. లేదు. భూమవ్వ వచ్చి వెతికింది, లేదు. చివరికి లక్ష్మీరాజాన్ని బతిమాలి తెచ్చాను. నా మడిలో తప్పు వెతకడంలో వాడిని మించినవాడు లేడు. వాడూ తల అడ్డంగా ఊపి, "ఒక్కటి లేదన్నా, గంత సాపుగ తీసినవు," అన్నాడు. నా పనితనం మీద నాకే కోపం రావడం ఇదే మొదలు.

మీ అత్తమ్మ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. మన మడిలో కేళీ కనబడితే గుడిలో కోడెను కట్టేస్తానని. కేళీలు కావాలని దేవునికి మొక్కిన రైతుకుటుంబం ఈ జిల్లాలో మాదే అయి ఉంటుంది.

మీ సార్ ముందు నేను వచ్చి నిలబడతాను. తప్పు నాదని చెబుతాను. నిన్ను నవ్వించే మాట ఒకటి రాద్దామనుకున్నాను, రాలేదు. నీ చదువు పోతే నేను మళ్లీ ఆ మడిలో కాలు పెట్టలేను బిడ్డా.

మామ

ఆదిలాబాద్,
21 అక్టోబరు 2024

మామయ్యకు, అత్తమ్మకు, లక్ష్మీరాజం బాబాయికి, భూమవ్వకు (బర్రెకు తప్ప అందరికీ) నమస్కారాలు.

సార్‌కు చెప్పకుండా ఎన్నాళ్లు దాస్తానని, మీ ఉత్తరం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. చదివి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని, "మీ మామ పైకి కనవడ్డోళ్లనే పీకిండమ్మా. లోపల దాసుకున్నోళ్లు ఇంక మడిలనే ఉన్నరు," అన్నారు. పాఠం చెప్పే నాకే ఏడుపులో పాఠం గుర్తు రాలేదు.

సంగతి ఇది. మొక్కలో ప్రతి జన్యువూ జంటగా ఉంటుంది. జంటలో రెండూ పాడైతేనే కేళీ పైకి కనబడుతుంది. ఒకటి పాడై ఒకటి బాగుంటే ఆ మొక్క బుద్ధిగా సాలులో నిలబడుతుంది, లోపల మాత్రం ఆ తేడాను దాచుకుంటుంది. దాని గింజలు వేస్తే నాలుగింట ఒకటి మళ్లీ కేళీ అవుతుంది. మీరు పీకినవాటి అక్కచెల్లెళ్లు పక్కనే, అదే సాలులో బుద్ధిమంతుల్లా నిలబడి ఉన్నాయి. ఎవరూ గుర్తుపట్టలేరు, మీరు కూడా.

ఏ సాలులో వెతకాలో మీరే చూపించారు. పీకిన చోట ఖాళీలు ఉన్నాయి కదా? ఖాళీ ఉన్న ప్రతి సాలులో మిగిలిన మొక్కలను ఒక్కోదాన్ని వేరుగా కోసి, వేరు కవరులో వేసి, సాలు చీటీ కట్టండి. యాసంగికి వాటినే నాటుదాం. మే నెల గడువుకు మనకు మిగిలింది ఈ ఒక్క పంటే.

ఈసారి ఉదాహరణలు రాయను, సీడు మడిలా అని రాయను. ఒకటే మాట. ఏది మొలిచినా, ఎంత వికారంగా ఉన్నా, పీకొద్దు. అత్తమ్మా, మీరు మే దాకా పుట్టింటికి పోవద్దు.

మీ మీద కోపం పూర్తిగా పోలేదు. పోయినప్పుడు రాస్తాను.

ప్రణతి

హుస్నాబాద్,
20 ఫిబ్రవరి 2025

డాక్టరమ్మకు, అవును, డాక్టరమ్మకే, మామ ఆశీస్సులు.

వచ్చాయి కోడలా! అన్నీ తిరిగి వచ్చాయి!

నారులో తెల్లవి రాగానే ఆశ పుట్టింది కానీ, నీకు మళ్లీ ఆశపెట్టి ముంచుతానేమోనని రాయలేదు. ఇప్పుడు నా కళ్లతో చూసి రాస్తున్నాను. పొట్టివి వచ్చాయి. చుట్ట ఆకులవి వచ్చాయి. ఒంటికాలివి వచ్చాయి. మొన్న భూమవ్వ మడిలోంచి కేకపెట్టింది. "సారూ, రంగుల పండుగది మల్ల వచ్చింది!" కాండం వంకాయ రంగుకు తిరిగింది. ఒకటి కాదు, ఆ సాలులో చాలా ఉన్నాయి. నేను పోయేసరికి ముఠా మొత్తం చుట్టూ నిలబడి, పెళ్లికూతురును చూసినట్టు చూస్తున్నారు. భూమవ్వ మడి చుట్టూ చీర అంచులు కట్టి, బర్రెను ఆ దిక్కుకు రానివ్వడం లేదు.

మీ అత్తమ్మ శివరాత్రి రద్దీకి ముందే పోదామంటే నిన్ననే వేములవాడ పోయి కోడెను కట్టేసి వచ్చాం. లైనులో పక్కనున్న ఆయన "మీదేం మొక్కన్నా?" అని అడిగాడు. పొలంలో కేళీలు పుట్టాలని మొక్కుకున్నామంటే, ఆయన నన్ను కాక మీ అత్తమ్మను జాలిగా చూశాడు.

కంపెనీ ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు. నా సీడు మడి చూసి, సంతకం పెట్టి, పోతూ పోతూ రోడ్డు దాటి నీ మడి దగ్గర ఆగిపోయాడు. వేలెత్తి చూపించాడు. ముప్పై ఏండ్లలో నా పొలం మీద లేచిన మొదటి వేలు అది. "ఏంది రావుసాబ్, గిన్ని కేళీలు? పీకిపియ్యరా?" అన్నాడు. నేను నోరు తెరవకముందే ఒడ్డు మీది నుంచి మీ అత్తమ్మ, "ఒక్కటి వీకినా నేను నిర్మల్ బస్సెక్కుత!" అంది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. లక్ష్మీరాజమే ఆయన్ను పక్కకు తీసుకుపోయి జన్యువుల జంట గురించి చెప్పాడు. సగం తప్పు చెప్పాడు, కానీ నీ వైపే మాట్లాడాడు.

ఒక పొట్టి మొక్క దగ్గర మొన్న కూచున్నాను. చుట్టూ అన్నీ పొడుగ్గా ఉంటే మధ్యలో నీలాగే పొట్టిగా, మొండిగా నిలబడి ఉంది. మన ఇంట్లో అందరం సాలులో నిలబడ్డవాళ్లమే. నువ్వొక్కదానివి ఎక్కణ్నుంచి వచ్చావా అని మీ అమ్మా నేనూ చాలాసార్లు అనుకున్నాం. ఇప్పుడు తెలిసింది. మాలో ఎవరిలోనో దాగి ఉండి వచ్చావు. నాలోనేమో అనుకుంటే సంతోషంగా ఉంది.

కోపం పోయిందని నువ్వు ఇంకా రాయలేదు. రాయనక్కరలేదు, మీ సార్‌ను తీసుకొని వచ్చెయ్యి. తొందరగా రా. రోజూ మడిలో చేతులు వెనక్కి కట్టుకొని తిరుగుతున్నాను, మీ అత్తమ్మ వెనక నడుస్తోంది. అయినా ఆ కేళీలను చూస్తుంటే చేతులు ఒకటే దురద పెడుతున్నాయి.

నీ మామ,
దయాకర్‌రావు